తెర వీరులు – 7: గుర్రమెక్కిన బుర్రిపాలెం బుల్లోడు

కిందటి భాగాన్ని ‘అగ్నిపరీక్ష’ దగ్గర ఆపాం. తెనాలి పక్కన బుర్రిపాలెంలో 1943 మే 31న పుట్టిన ఘట్టమనేని శివరామకృష్ణ, ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలో చదివే రోజుల్లో అక్కినేనికి జరిగిన సన్మానం చూసి సినిమాల మీద మనసు పడటం, ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో తీసిన ‘తేనెమనసులు’తో 1965లో హీరో కావడం చెప్పుకున్నాం. ఆ సినిమాలో స్కూటరు మీంచి కారు మీదికి దూకిన కుర్రాడి తెగువ చూసి నిర్మాత డూండీ ‘గూఢచారి 116’కు పిలిచారు. బాపు ‘సాక్షి’ కోసం గోదావరి ఒడ్డున పులిదిండికి వెళ్లినప్పుడు విజయనిర్మలతో జోడీ కుదిరింది. తర్వాత తమ్ముళ్లు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి కృష్ణ పద్మాలయా సంస్థ పెట్టారు. 1970లో తీసిన ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. తొలి అడుగులోనే చేతులు కాలాయి.

అలా కాలిన మనిషి సాధారణంగా ఏం చేస్తాడు? రెండో సినిమాకు జాగ్రత్త పడతాడు. చిన్న కుటుంబ కథ ఒకటి చూసుకుని, నాలుగు పాటలు పెట్టి, బ్లాక్ అండ్ వైట్‌లో లాగించేస్తాడు. అప్పటికి మన సినిమాల్లో ఎక్కువ భాగం నలుపు తెలుపులోనే వచ్చేవి. రంగుల ఫిల్ము ఖరీదు, దొరకడం కష్టం. కృష్ణ మాత్రం ఈస్ట్‌మన్ కలర్‌లో, తెలుగులో ఎవరూ తీయని తరహా సినిమా, అదీ మద్రాసుకు ఎక్కడో దూరాన రాజస్థాన్ ఎడారిలో తీస్తానన్నారు. 28 ఏళ్ల వయసులో ఆయన కాసిన ఈ ‘మోసగాళ్లకు మోసగాడు’ పందెం గురించే ఈ భాగం.

పందెం ఎందుకు కాయాల్సొచ్చిందో తెలియాలంటే అప్పటి తెలుగు తెర మీద ఎవరెవరు ఏయే గద్దెల మీద ఉన్నారో చూడాలి. పురాణమంటే ఎన్టీ రామారావు. రాముడైనా కృష్ణుడైనా దుర్యోధనుడైనా ఆయన ముందు నిలబడే మాటే లేదు. విషాద ప్రేమ, మధ్యతరగతి సాంఘికం అంటే అక్కినేని. ఆ ఇద్దరూ కాక వేరొకరు ఏలిన చోటంటూ ఒకటుంటే అది జానపదం. అక్కడ కత్తి పట్టిన కాంతారావు, ఆయన వెనక విఠలాచార్య మాయలూ మంత్రాలూ. కృష్ణతో పాటే పైకొస్తున్న శోభన్‌బాబు మెల్లగా కుటుంబ కథల వైపు జరుగుతున్నారు. కృష్ణంరాజు తన చోటు వెతుక్కుంటున్నారు. కృష్ణకు ఎన్టీఆర్ కంఠం లేదు, పద్యం లేదు. అక్కినేనిలా కళ్లతో కన్నీళ్లు ఒలికించే ఒడుపూ లేదు. డాన్సు విషయంలో విమర్శకులు ఆయన్ని మెచ్చుకున్నది తక్కువ. ఉన్నదల్లా మంచి రూపం, దేనికైనా సిద్ధమనే తెగువ, నిర్మాతను ఇబ్బంది పెట్టని మంచితనం. ఈ మూడింటికీ సరిపోయే కథలు మద్రాసులో ఎవరి దగ్గరా లేవు.

అవి పడమటి నుంచి వచ్చాయి. వచ్చిన దారి చాలా పొడుగు.

1961లో జపాన్‌లో అకిరా కురోసావా ‘యోజింబో’ తీశారు. రెండు ముఠాలు కొట్టుకు చస్తున్న ఊళ్లోకి ఒంటరిగా వచ్చిన సమురాయ్, ఇద్దరికీ అమ్ముడుపోయినట్టే నటించి ఇద్దర్నీ తుడిచిపెట్టే కథ. దాన్ని ఇటలీలో సెర్జియో లియోనె అనే దర్శకుడు చూశారు. కత్తి తీసేసి పిస్తోలు పెట్టారు, జపాన్ ఊరి బదులు మెక్సికో సరిహద్దు ఊరు పెట్టారు. అనుమతి అడగలేదు. జపాన్ సంస్థ దావా వేస్తే సొమ్ము చెల్లించి రాజీ చేసుకోవలసి వచ్చింది. షూటింగ్ చేసింది అమెరికాలో కాదు, స్పెయిన్‌లో. ఆ దేశపు దక్షిణాన అల్మేరియా దగ్గరి బీడు కొండలే ఈ సినిమాలకు మెక్సికో, టెక్సాస్ అయ్యాయి.

హీరోగా పేరున్న అమెరికా నటుల్ని అడిగితే ఒప్పుకోలేదు. చివరికి టీవీలో ‘రాహైడ్’ అనే పశువుల కాపరుల ధారావాహికలో వేషం వేస్తున్న పొడుగాటి యువకుడు 15,000 డాలర్లకు ఒప్పుకున్నాడు. అతనే క్లింట్ ఈస్ట్‌వుడ్. 1930 మే 31న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. మన కృష్ణ పుట్టినరోజూ అదే. సరిగ్గా 13 ఏళ్ల తేడా. దర్శకుడికి ఇంగ్లీషు రాదు, నటుడికి ఇటాలియన్ రాదు. 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’, మరుసటేడు ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’, 1966లో ‘ది గుడ్ ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ వచ్చాయి. భుజాల మీద కంబళి, నోట్లో చుట్ట, కళ్లు చిట్లించిన చూపు. మాటలు తక్కువ. ఈస్ట్‌వుడ్ తన సంభాషణలు తానే కొట్టేయించుకున్నాడని చెబుతారు. అమెరికాలో ఈ మూడూ 1967లో గానీ విడుదల కాలేదు. అయ్యాక మాత్రం ఆ టీవీ నటుడు ప్రపంచమంతా ఎరిగిన మనిషయ్యాడు.

ఇవి మద్రాసు థియేటర్లకూ వచ్చాయి. వీటి వెనకే గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన ‘మెకన్నాస్ గోల్డ్’ వచ్చింది. బంగారు లోయ కోసం వేట. ఇంగ్లీషు ముక్క రానివాళ్లు కూడా ఎగబడి చూశారు. గుర్రం, ఎడారి, దాచిన సొమ్ము అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఇది తెలుగులో చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కృష్ణకు అలాంటి సినిమాలు చూశాకే వచ్చింది. ఈ తరహా ఆయనకు అతికినట్టు సరిపోవడానికి కారణం కూడా అక్కడే ఉందనుకుంటాను. కౌబాయ్ హీరో పద్యాలు పాడడు, పేజీలకు పేజీలు మాట్లాడడు, ఏడవడు. నిలబడాలి, చూడాలి, దూకాలి. కృష్ణలో లోటుగా చెప్పుకున్నవేవీ అక్కడ అడ్డు రావు. ఆయనలో ఉన్న తెగువ మాత్రం పూర్తిగా పనికొస్తుంది.

అయితే టోపీ పెట్టి గుర్రమెక్కించినంత మాత్రాన తెలుగు జనం నమ్మరు. ఈ మనిషి ఎవడు? మన దేశంలో ఏ ఊరివాడు? ఆ ప్రశ్నకు జవాబు రాసినవాడు మన విశాఖపట్నం మనిషి. ఆరుద్ర.

భాగవతుల సదాశివ శంకరశాస్త్రి 1925లో విశాఖలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక దళంలో చేరి బ్యాండులో పనిచేశారు. తెలంగాణ పోరాట నేపథ్యంలో ‘త్వమేవాహం’ రాశారు. తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని ఒంటిచేత్తో ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలుగా రాసిన పండితుడూ ఆయనే. అదే చేత్తో డిటెక్టివ్ కథలు రాశారు, ‘గూఢచారి 116’కు మాటలు రాశారు. పెద్ద పని, చిన్న పని అనే తేడా ఆయనకు లేదు. శాసనాలూ సంస్థానాల కైఫీయతులూ తలలో నింపుకున్న మనిషి కౌబాయ్ కథకు కూర్చుంటే ఏమవుతుందో ‘మోసగాళ్లకు మోసగాడు’ చూస్తే తెలుస్తుంది.

ఆరుద్ర కథను అమెరికాకు తీసుకుపోలేదు. ఇంగ్లీషువాళ్లు మన సంస్థానాలను ఒక్కొక్కటిగా మింగుతున్న కాలంలో పెట్టారు. అమరవీడు అనే సంస్థానం పడిపోతుంది. దాని నిధిని నమ్మకస్తులు దాస్తారు. ఆ నిధి జాడ కోసం దొంగలు, ద్రోహులు, పగబట్టినవాళ్లు ఒకరి వెనక ఒకరు బయల్దేరతారు. ఆ వేటలో కృష్ణ ఉన్నారు. అంతే. రాజ్యం పోయి, చట్టం కుదురుకోని సందు కాలం మనకూ ఉండేదని గుర్తుపట్టడమే ఆరుద్ర చేసిన గొప్ప పని. వెస్టర్న్ కథలకు కావలసింది ఆ సందు కాలమే.

మన కె.కోటపాడు చుట్టుపక్కల వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 1757 జనవరిలో ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన కథ బుర్రకథగా ఈ ప్రాంతపు జాతరల్లో తరతరాలుగా వింటున్నదే. తాండ్ర పాపారాయుడి పేరు తెలియని పిల్లాడుండడు. తర్వాత 37 ఏళ్లకు, 1794 జులైలో, కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజును చంపింది. పద్మనాభం మనకెంత దూరం! కోట కూలిందన్నా, రాజు పడ్డాడన్నా, సొమ్ము ఎక్కడో పాతిపెట్టారన్నా ఇక్కడి జనానికి అది ఇంటి వెనక జరిగిన సంగతి. పాత కోట గోడల కింద లంకెబిందెల కోసం తవ్విన కథలు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆరుద్ర ఈ నేల మీద పెరిగినవాడు. ఆ సంస్థానం పేరు కల్పితమే అయినా, దాని వాసన ఆయనకు ఇక్కడే అబ్బిందని నా నమ్మకం.

దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. అప్పటి నెల్లూరు జిల్లా వెంకటగిరి మనిషి. అంతకు ముందే విజయలలితతో ‘రౌడీ రాణి’ తీసి, ఆడపిల్ల చేత మగాళ్లను చితక్కొట్టించి సొమ్ము చేసి చూపించారు. పోరాటం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ముక్క కోయాలో బాగా ఎరిగినవాడు. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. సంగీతానికి పి.ఆదినారాయణరావును తెచ్చారు. ‘సువర్ణసుందరి’కి రాగాల మాల కట్టిన మనిషి, అంజలీదేవి భర్త. ఇటలీలో ఎన్నియో మొర్రికోన్ ఈలలతో, గిటారుతో చేసినదాన్ని ఇక్కడ ఆయన తనదైన పద్ధతిలో చేశారు. జానపదాలకు వాయించిన వేళ్లే గుర్రపు డెక్కల లయ పట్టుకున్నాయి.

తారాగణంలో నాగభూషణం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా తిరిగిన నటుడు. ‘ది గుడ్ ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో ఎలై వాలక్ వేసిన జిత్తులమారి దొంగ పాత్రను ఆయన ‘నక్కజిత్తుల నాగన్న’గా మార్చేశారు. మార్చారంటే పేరు మార్చడం కాదు. మాట విరుపు, నవ్వు, ప్రాణం మీదికొస్తే కాళ్లబేరం, అవకాశం దొరికితే వెన్నుపోటు. నాటకాల్లో, తోలుబొమ్మలాటల్లో మనం ఎప్పటినుంచో ఎరిగిన ధూర్తుడు. ఆ పాత్ర పక్కన కృష్ణ నిదానంగా నిలబడటంతోనే సగం రక్తి కట్టింది. విజయనిర్మల, సత్యనారాయణ, జ్యోతిలక్ష్మి మిగతా ముఖ్యమైన పాత్రలు.

యూనిట్ రాజస్థాన్ వెళ్లింది. బికనీరు కోట, థార్ ఎడారి ఇసుక తిన్నెలు. కొంత భాగం హిమాచల్‌లో సట్లెజ్ ఒడ్డున తీశారు. ఇప్పుడు ఇది పెద్ద విషయం కాదు. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే వాహినీ, విజయా ఫ్లోర్లు, మహా అయితే మద్రాసు చుట్టుపక్కల తోటలు, తలకోన అడవి. అంతమందిని, లైట్లను, కెమెరాలను వేసుకుని భాష రాని దేశానికి పోయి గుర్రాలనూ ఒంటెలనూ అక్కడే మాట్లాడుకుని తీయడమంటే నిర్మాత గుండె దిటవుగా ఉండాలి. ఎడారిలో మధ్యాహ్నపు వెలుగు ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది, ఇసుక కెమెరాలోకి దూరుతుంది. పొద్దున, సాయంత్రం దొరికే కాస్త మంచి వెలుగులో గబగబా పని కానివ్వాలి. తిండి, నీళ్లు, బస అన్నీ నిర్మాతే చూసుకోవాలి. ఇక్కడ నిర్మాత, హీరో ఒకే ఇంటివాళ్లు కావడం కలిసొచ్చింది. కృష్ణ వేళకు రావడంలో, చెప్పిన పని చేయడంలో పేరున్న మనిషి. గుర్రపు స్వారీ దృశ్యాల్లో ఆయన కష్టం తెర మీద కనిపిస్తుంది.

1971 ఆగస్టు 27న సినిమా విడుదలైంది.

అప్పుడు సినిమా అన్ని ఊళ్లకూ ఒకేసారి వచ్చేది కాదు. ప్రింట్లు కొన్నే. మొదట విజయవాడ, విశాఖ, రాజమండ్రి వంటి పట్నాలు. అక్కడ ఆడి ఆడి, గీతలు పడ్డాక చిన్న ఊళ్లకు, ఆఖరికి టూరింగ్ టాకీసులకు చేరేది. ఆగస్టులో మన వైపు వరి నాట్ల పని, ఎవరికీ తీరిక ఉండదు. ప్రింటు పల్లెలకు దిగేసరికి చెరకు నరుకుడు, బెల్లం గానుగల కాలం వచ్చేస్తుంది. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం తోలిన బండ్లు తిరుగు ప్రయాణంలో బొమ్మ చూసుకునే ఇంటికొచ్చేవి. జటకా బండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో కేకలు వేస్తూ, రంగు కరపత్రాలు విసురుతూ ఊరంతా తిప్పేవారు. వాటి వెనక పిల్లల పరుగు. గుడారంలో నేల టికెట్టు, బెంచీ, కుర్చీ. ఆడవాళ్లకు విడిగా తడిక. ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, మరమరాల వాడు, సోడాల వాడు లోపలికి వచ్చేవారు.

అలాంటి గుడారంలో నేల మీద కూర్చున్న మనిషికి ఈ సినిమా ఏమిచ్చింది? నిండా రంగులు. ఎప్పుడూ చూడని ఎడారి. ఇంకో సంగతి కూడా ఉంది. విఠలాచార్య సినిమాల్లోనూ గుర్రం ఉండేది. దాని మీద రాకుమారుడు ఉండేవాడు, కథ చివర రాజ్యం అతనిదే. ఇక్కడ గుర్రం మీదున్నవాడికి కిరీటం లేదు, కోట లేదు, మామగారు లేడు. వాడికి ఉన్నదల్లా గురి. పుట్టుకతో కాక చేతిపనితో నెగ్గే వీరుణ్ని నేల టికెట్టువాళ్లు తమవాడనుకున్నారు. జానపద సినిమా వెనకబడిపోవడానికి ఖర్చు, మారిన అభిరుచి వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. కత్తి వదిలి పిస్తోలు పట్టిన ఈ కొత్త వీరుడు కూడా ఒక కారణమే.

ఆ ఏళ్లలో ఉత్తరాంధ్ర జనానికి తుపాకీ తెర మీది వస్తువు మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం రగిలి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయి ఏడాదే అయింది. కొండల్లో వినిపించిన మోతకూ గుడారంలో వినిపించిన మోతకూ సంబంధం లేదు. సినిమా ఆ వైపు చూడలేదు, చూసే ఉద్దేశం దానికి లేదు. అయినా సొమ్మున్నవాడి దౌర్జన్యం మీద తుపాకీ ఎక్కుపెట్టిన మనిషికి ఈ ప్రాంతంలో ఈలలు కాస్త గట్టిగానే పడి ఉంటాయి.

సినిమా ఆడింది. ‘అగ్నిపరీక్ష’లో పోయింది తిరిగొచ్చింది, పద్మాలయా నిలదొక్కుకుంది. తమిళంలోకి, హిందీలోకి డబ్బింగ్ అయింది. ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లి విదేశాల్లోనూ ఆడింది. పడమటి సరుకు మన చేతుల్లో మారి మళ్లీ పడమటికి ఎగుమతి కావడం తెలుగు సినిమాకు అదే కొత్త. తమిళంలో మరుసటేడు జైశంకర్‌తో ‘గంగా’ వచ్చింది, హిందీలో ‘ఖోటే సిక్కే’ వచ్చింది. ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చేనాటికి ‘షోలే’ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. మన దేశంలో కౌబాయ్ తరహా సినిమా ఎక్కడ మొదలైందని అడిగితే ఈ తెలుగు సినిమా పేరే ముందు చెప్పాలి. ఈ మాట మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. తెలుగులో తర్వాత చిరంజీవి ‘కొదమసింహం’ చేశారు. 2002లో కృష్ణ కొడుకు మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ చేస్తే, అందులో తండ్రి కూడా కాసేపు కనిపించారు. కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశాక, మరుసటేడు ఆయన పుట్టినరోజున థియేటర్లలో మళ్లీ వేసింది కూడా ‘మోసగాళ్లకు మోసగాడు’నే. 340కి పైగా సినిమాలు చేసిన మనిషిని తలుచుకోవడానికి అభిమానులు ఈ సినిమాను ఎంచుకోవడం సబబే.

గెలుపు తర్వాత కృష్ణ ఒక్క క్షణం కూర్చోలేదు. 1972 ఒక్క ఏడాదిలోనే ఆయనవి 18 సినిమాలు విడుదలయ్యాయి. పొద్దున ఒక ఫ్లోరు, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి మరోటి. ఇంత వేగంలో నాణ్యత చెడిన సినిమాలు చాలా ఉన్నాయి, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ వేగమే ఎందరో సాంకేతికులకు, చిన్న నిర్మాతలకు అన్నం పెట్టింది. 1973లో పద్మాలయా ‘దేవుడు చేసిన మనుషులు’ తీసినప్పుడు కృష్ణ పక్కన ఎన్టీ రామారావే నటించారు. చిన్నప్పటి నుంచి అభిమానించిన నటుడు తన సొంత సంస్థ సినిమాకు ముఖానికి రంగు వేసుకున్నారు. ఇద్దరి మధ్యా అంత సఖ్యత.

ఆ సఖ్యత మరుసటేడే చెడింది. చెడగొట్టింది మన కొండల్లోని వీరుడి కథ. అల్లూరి సీతారామరాజు వేషం వేయాలని రామారావుకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆ కథను కృష్ణ తన నూరో సినిమాగా ప్రకటించారు. ఎడారి ఇసుకలో గుర్రమెక్కిన మనిషి ఈసారి నర్సీపట్నం మీదుగా చింతపల్లి అడవులకు, సీతారామరాజు పోలీసు ఠాణాల మీద పడ్డ నేలకే, కెమెరాలు మోయించుకొచ్చారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ ప్రయత్నం, సగంలో ఉండగానే దర్శకుడు వి.రామచంద్రరావు మరణం, శ్రీశ్రీ పాటకు దేశం మొత్తం మీద దక్కిన గౌరవం, పెద్దాయనతో వచ్చిన పట్టింపు, ఏజెన్సీ ఊళ్లు ఆ సినిమా వాళ్లకు ఆశ్రయమిచ్చిన రోజులు — ఇవన్నీ వచ్చే భాగంలో.